తీరం దాటేసిందిగా టీచర్, రేపు బడుందా?

వాయుగుండం, ఉప్పెన, రెడ్ అలర్ట్, పిడుగు. తుఫాను రోజుల్లో టీవీ పొద్దస్తమానం చెప్పే మాటలే ఇవి. ఇంట్లో చిన్నవాళ్ళ చెవిన కూడా పడతాయి. వాళ్ళు వాటిని ఎలా అర్థం చేసుకుంటున్నారు? మనం ఎలా చెబితే బాగుంటుంది?

అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తాలో ఏ ఒకటో తరగతి పిల్లాణ్నయినా పట్టుకుని ‘తుఫాను అంటే ఏమిట్రా?’ అని అడిగి చూడండి. తడుముకోకుండా ‘సెలవు’ అంటాడు. రెడ్ అలర్ట్ అంటే రెండు రోజుల సెలవు. ఆరెంజ్ అంటే సెలవు రావచ్చు, రాకపోవచ్చు. ఎల్లో అంటే ఎలాగూ బడికి పోవాల్సిందే. కలెక్టరుగారి ప్రకటన టీవీలో అడుగున పరిగెత్తడం, అది బడి వాట్సాప్ గ్రూపులోకి రావడం, అమ్మ ‘రేపు బడి లేదంట’ అనడం. ఆ మాటలు వాడి బతుకులోకి వచ్చిన దారి అది.

నవ్వొచ్చినా, పిల్లవాడి పద్ధతిలో తప్పు లేదు. మాట విన్నాడు, దానివల్ల ఏం చెయ్యాలో తెలుసుకున్నాడు. ఇంట్లో ఉండిపోవాలి, అంతే. పెద్దవాళ్ళం మనం ఇచ్చేదే తప్పు. ‘అల్పపీడనం అనగా గాలి పీడనం తక్కువగా ఉన్న ప్రాంతం’ అని రాయించి, రెండు మార్కులు వేసి, అర్థం చెప్పేశామనుకుంటాం. పీడనం అంటేనే తెలియని ఏడేళ్ళ పిల్లకు అల్పమైతేనేం, అధికమైతేనేం? ప్రమాదం గురించిన ప్రతి మాటకూ నిర్వచనం కంటే ముందు అందాల్సినవి మూడున్నాయి: వచ్చేది గాలా, నీళ్ళా? ఎంతసేపట్లో? మనం ఏం చెయ్యాలి? ఈ మూడూ చెప్పగలిగిన పిల్లకు పీడనం సంగతి ఏడో తరగతిలో తెలిసినా కొంపేం మునగదు.

బులెటిన్ల తెలుగు పిల్లల కోసం పుట్టింది కాదు. ‘ఉపరితల ఆవర్తనం’ పెద్దవాళ్ళకే కొరుకుడు పడదు. ‘ద్రోణి కొనసాగుతోంది’ అంటే ద్రోణాచార్యుడికి చుట్టమేమో అనుకునే పిల్లలున్నారు. వాళ్ళనేం అనగలం? ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అన్న వాక్యంలో ‘ప్రజలు’, ‘ఉండాలి’ తప్ప మిగతావన్నీ రెండో తరగతికి కొత్తే. ఆ ప్రజల్లో తానూ ఉన్నానన్న సంగతి వాడికి తట్టదు. ‘మోస్తరు వాన’ అనే మాటా అంతే. తాతగారు మోస్తరుగా ఉన్నారంటే ఒంట్లో బాగాలేనట్టు. మరి వాన మోస్తరుగా ఉంటే?

ముందు ఇంట్లో ఉన్న మాటలు

బులెటిన్‌తో మొదలుపెట్టడం కంటే ఇంట్లోంచి మొదలుపెట్టడం తేలిక. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత. వానను కొలిచే ఇంత పొడవైన వరస తెలుగు పిల్లల దగ్గర ఊరికే ఉంది. చిన్న కాగితాల మీద ఒక్కో మాట రాసి, తక్కువ వాన నుంచి ఎక్కువ వానకు వరసలో పెట్టమంటే తరగతి రెండుగా చీలిపోతుంది. ముసురు పెద్దదా, జల్లు పెద్దదా? ఒకటి జోరులో పెద్దది, ఇంకొకటి సేపులో పెద్దది. ఆ తగువును టీచరు తీర్చకుండా వదిలేస్తేనే మంచిది. వానకు జోరు వేరు, సేపు వేరు అని పిల్లలు ఒకళ్ళతో ఒకళ్ళు వాదించుకుంటూ కనిపెట్టేశారు కదా.

ప్రాంతాన్ని బట్టి మాట మారుతుంది. కోస్తాలో వడగళ్ళ వాన తెలంగాణలో రాళ్ల వాన. అక్కడి గాలిదుమారాన్ని ఇక్కడ ఈదురుగాలి అంటారు. పుస్తకంలో ఒకటే ఉంటుంది కాబట్టి రెండోది తప్పని దిద్దే అలవాటు కొందరు టీచర్లకుంది. దిద్దకూడదు. రాత్రిపూట నాయనమ్మ ‘రాళ్ల వాన, లోపలికి రండ్రా’ అని అరిస్తే పిల్ల కదలాల్సింది ఆ మాటకే.

మెట్లు గాలివి, నీళ్ళవి కావు

ఇంటి మాటలు కుదిరాక బులెటిన్ మెట్లు ఎక్కించవచ్చు. అల్పపీడనం బలపడితే వాయుగుండం, తర్వాత తీవ్ర వాయుగుండం, ఆపైన తుఫాను, తీవ్ర తుఫాను, అతి తీవ్ర తుఫాను, ఇంకా పైకి. మెట్టు మారేది గాలి వేగాన్ని బట్టి. గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 62 చేరితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను. పిల్లలకు ఈ అంకెలు అక్కర్లేదు కానీ వేగం తెలియాలి. ఊళ్ళో వెళ్ళే మోటారు సైకిలంత, హైవే మీద కారంత, అంతకంటే జోరుగా పోయే రైలంత అని చెబితే చాలు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పిల్లలకే కాదు, మనకూ చెప్పవలసిన మెలిక. ఈ మెట్లన్నీ గాలివే. వాన ఎంత పడుతుందో అవి చెప్పవు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలో ఎన్నో కాలనీలను ముంచింది. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఇళ్ళమీదికొచ్చింది. ఆ వానలు తెచ్చింది కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం. తుఫాను కూడా కాదు! దానికి పేరు కూడా పెట్టలేదు, పేరు పెట్టేది తుఫాను మెట్టు ఎక్కాకే కదా. ‘వాయుగుండమేగా’ అనుకుని నిద్రపోయినవాళ్ళకు విజయవాడ సింగ్‌నగర్‌లో డాబాల మీద తెల్లారింది. కాబట్టి పిల్లలకు మెట్లు రెండు వరసలుగా గీయించాలి: గాలికొకటి, వానకొకటి.

వాన మెట్లను వాతావరణ శాఖ వేరుగానే లెక్కపెడుతుంది. ఇరవైనాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. భారీ, అతి భారీ, అత్యంత భారీ అని వరసగా చదివితే పిల్లలకు మూడూ ఒకటే గోల. అదే సీసాలో చూపిస్తే మరి మర్చిపోరు. పక్కలు నిటారుగా ఉన్న నీళ్ళ సీసా తీసుకుని, మూతివైపు కోసి, ఆ ముక్కనే తలకిందులుగా గరాటులా అమర్చాలి. అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్ళు వేసి, కాసిని నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి. ఆ గీత నుంచి ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర ఒక రంగు, పదకొండున్నర దగ్గర ఇంకొకటి, ఇరవైన్నర దగ్గర మూడోది. బడి ఆవరణలో చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టి, రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు చూడాలి. వాతావరణ శాఖ కూడా చూసే వేళ అదే. మూడో గీత దాకా సీసా నిండడం చాలామంది పిల్లలు ఎప్పుడూ చూసి ఉండరు. ఇరవై సెంటీమీటర్ల నీళ్ళు ఊరంతటి మీదా పరుచుకుని, అవన్నీ ఒక్క వాగులోకే నడిచొస్తే? ఆ ప్రశ్న వేసి ఊరుకోవచ్చు. మూడో తరగతి పిల్లలు జవాబు చెబుతారు.

‘దాటడం’తో వచ్చిన చిక్కు

‘తుఫాను తీరం దాటింది’ అనగానే పిల్లలకు వినిపించేది ‘వెళ్ళిపోయింది’ అని. వంతెన దాటాం, ఊరు దాటాం, ఇంక అది వెనకబడ్డట్టే. నిజానికి తీరం దాటడమంటే సముద్రం వదిలి మన మీదికి రావడం! చాలామంది పెద్దవాళ్ళు కూడా ఆ మాట వినగానే ఊపిరి పీల్చుకుని కిటికీలు తెరుస్తారు. ‘తీరం దాటడమంటే లోపలికి రావడం’ అని పిల్లలచేత నాలుగుసార్లు అనిపిస్తే ఆ ఒక్క ముక్కే ఒక పూట పాఠానికి సరిపోతుంది.

ఇంకో పొరపాటు: తీరం దాటే ఊరికే దెబ్బ అనుకోవడం. 1977 నవంబరు 19 నాటి తుఫాను తీరం దాటింది చీరాల వైపు. ఉప్పెన ముంచెత్తింది దానికి ఈశాన్యంగా ఉన్న దివిసీమను. పదివేల మందికి పైగా పోయారు. ఎందుకలా జరిగిందో మాటల్లో చెబితే పిల్లలకు ఎక్కదు, ఆడిస్తే ఎక్కుతుంది. బడి ఆవరణలో సుద్దతో ఒక పొడవైన గీత గీయాలి. అది తీరం. గీతకు తూర్పున సముద్రం. అటువైపు పదిమంది చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, గుళ్ళో ప్రదక్షిణ చేసే దిక్కుకు ఎదురు దిక్కున తిరగాలి. మన అర్ధగోళంలో తుఫాను తిరిగేది అటే. అలా తిరుగుతూనే వలయమంతా మెల్లగా గీతవైపు జరగాలి. వలయంలో ఉత్తరం కొసకు వచ్చిన పిల్లలు గీతమీదికి పరిగెత్తుతుంటారు. దక్షిణం కొసన ఉన్నవాళ్ళు సముద్రంవైపు పోతుంటారు. సముద్రాన్ని నేలమీదికి తోసేది ఎవరు? పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు. ఒప్పులకుప్ప ఆడిన ఊళ్ళలో ఈ పాఠానికి వేరే సరంజామా ఏం కావాలి?

అదే వలయం మధ్యలో ఒక పిల్లను కదలకుండా నిలబెడితే అది తుఫాను కన్ను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా వెళ్ళినప్పుడు, పొద్దున్నుంచీ చెట్లు పెకలిస్తున్న గాలి మధ్యాహ్నం ఉన్నట్టుండి నెమ్మదించింది. జనం వీధుల్లోకొచ్చి చూశారు. కాసేపటికి గాలి ఇంకో వైపు నుంచి అంతే జోరుగా మొదలైంది. కన్ను అంటే విరామం, ఆట అయిపోలేదు. రెండో సగం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. వలయంలో మధ్య పిల్ల గీత దాటి నడుస్తుంటే ఈ రెండు సగాలూ తగిలేది ఎవరికో తరగతి అంతా చూడవచ్చు.

పేర్లంటే పిల్లలకు సరదా. హుద్‌హుద్ ఒక పిట్ట, ఆ పేరిచ్చింది ఒమన్. 2018లో పలాసను చెల్లాచెదురు చేసిన తిత్లీ అంటే సీతాకోకచిలుక, పాకిస్తాన్ పెట్టిన పేరు. ఉత్తర హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న 13 దేశాలు తలా 13 పేర్లిచ్చి 2020లో 169 పేర్ల పట్టిక తయారుచేసుకున్నాయి. మన దేశం ఇచ్చినవాటిలో ప్రభంజన్, జలధి, వేగ ఉన్నాయి. తెలుగు పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. అయితే అందమైన పేరున్న తుఫాను మెత్తనిదనుకునే ప్రమాదం ఉంది. పేరు హాజరుపట్టీలో పేరులాంటిదేననీ, అల్లరి ఎంతో దాన్ని బట్టి తెలియదనీ చెబితే సరిపోతుంది.

ఉప్పెన అంటే సినిమా కాదు

కిందటి తరానికి ఆ మాట వింటే ఒళ్ళు జలదరించేది. ఇప్పటి పిల్లలకు ఉప్పెన అంటే 2021లో వచ్చిన సినిమా, దాని పాటలు. సినిమాను తప్పుపట్టడానికేం లేదు కానీ, మన దగ్గర ఇలాంటి మాట ఒకటి ఉండటం ఎంత అదృష్టమో ఫిలిప్పీన్స్ వాళ్ళనడిగితే తెలుస్తుంది. 2013 నవంబరులో హైయాన్ తుఫాను వచ్చే ముందు అక్కడి అధికారులు ‘స్టార్మ్ సర్జ్’, అంటే ఉప్పెన, వస్తుందని హెచ్చరించారు. అక్కడి టాక్లోబాన్ నగరంలో ఆ ఇంగ్లీషు మాట చాలామందికి తెలియలేదు. పెనుగాలి అనుకుని, గట్టి గోడలున్న చోట తలుపులేసుకుని కూర్చున్నారు. వచ్చింది నీళ్ళగోడ. ఆ దేశంలో ఆరువేల మందికి పైగా చనిపోయారు. సునామీ వస్తోందని ఉంటే పరిగెత్తేవాళ్ళమని బతికి బయటపడినవాళ్ళు తర్వాత చెప్పారు.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఇండోనేషియాలోని సిములూ ద్వీపానిది. 1907లో అక్కడ సునామీ వచ్చి ఎందరినో తీసుకుపోయింది. దానికి వాళ్ళ భాషలో ‘స్మాంగ్’ అని పేరు. ఆ మాటను జోలపాటల్లో, కథల్లో పెట్టి పిల్లలకు చెబుతూ వచ్చారు: నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి తగ్గితే స్మాంగ్ వస్తుంది, కొండెక్కు. 2004 డిసెంబరు 26న మళ్ళీ సునామీ వచ్చినప్పుడు, భూకంప కేంద్రానికి అంత దగ్గర్లో ఉండి కూడా, దాదాపు 78 వేల మంది ఉన్న ద్వీపంలో చనిపోయింది ఏడుగురు. మాటలోనే పని ఇమిడి ఉంది. స్మాంగ్ అని ఎవరు అరిచినా మిగతా వాక్యం వినకుండానే కాళ్ళు కదులుతాయి. ఆ రోజు మన కోస్తాలో వందమందికి పైగా పోయారు. సముద్రం అంత దూరం వెనక్కి పోతే ఏమిటో చెప్పే మాట మన జోలపాటల్లో లేదు.

దివిసీమలో, కోనసీమలో నాయనమ్మలు ఇంకా ఉన్నారు. ‘తుఫాను ఏడాది పుట్టాడు’, ‘ఉప్పెన తర్వాత కట్టిన ఇల్లు’ అంటూ లెక్కలు చెప్పేవాళ్ళు. 1977ను, 1996 నవంబరును కళ్ళారా చూసినవాళ్ళు. ‘నీళ్ళు ఎంతవరకొచ్చాయి, గోడమీద చెయ్యి పెట్టి చూపించు నాయనమ్మా’ అని అడిగి రమ్మని పిల్లల్ని పంపితే, మర్నాడు తరగతిలో ఉప్పెనకు నిర్వచనం ఎవరూ అడగరు. ఎంతమంది పోయారని మాత్రం చిన్నవాళ్ళచేత అడిగించకూడదు. నీళ్ళ ఎత్తు, ఎక్కిన డాబా, పట్టుకున్న చెట్టు, ఇవి చాలు.

ఎన్ని రాత్రులు?

తుఫానుకు వాతావరణ శాఖ నాలుగు అంచెలుగా కబురు చెబుతుంది. దాదాపు 72 గంటల ముందు ఒకటి, 48 గంటల ముందు రెండోది, 24 గంటల ముందు మూడోది. తీరం దాటడానికి 12 గంటల ముందు ఇచ్చే నాలుగోది, లోపలి జిల్లాల్లో తర్వాత ఏం జరుగుతుందో చెబుతుంది. ఇంగ్లీషులో వీటికి నాలుగు వేరు వేరు పేర్లున్నాయి. మన ఛానళ్ళలో నాలుగూ ‘హెచ్చరిక’లే. అమెరికాలో టెక్సస్, ఓక్లహోమా బడుల్లో చదివే తెలుగు పిల్లలకు టోర్నడో ‘వాచ్’కూ ‘వార్నింగ్’కూ తేడా ఒకటో తరగతికే వస్తుంది. వాచ్ అంటే రావచ్చు, వార్నింగ్ అంటే వచ్చేసింది, బడి లోపలి నడవలో గోడవైపు తిరిగి తలమీద చేతులు పెట్టుకుని వంగి కూర్చో. ఇండియా నుంచి వెళ్ళిన తాతగారికి ఆ తేడా చెప్పేది మనవడే.

ఇక్కడి చిన్నపిల్లలకు గంటలు అర్థం కావు, రాత్రులు అర్థమవుతాయి. ఇంకా మూడు రాత్రులుంటే పడవలు ఒడ్డుకొస్తాయి, నాన్న వేటకు పోడు. రెండు రాత్రులుంటే పుస్తకాల సంచీ, ఆధార్ కార్డులు, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టడం, ఫోన్లు చార్జింగు పెట్టడం, బిందెలు నింపడం. ఒక్క రాత్రి ఉంటే తుఫాను షెల్టరుకు. కోస్తాలో చాలాచోట్ల ఆ షెల్టరే వాళ్ళ బడి. రోజూ ‘అ ఆ’లు దిద్దే ఆ ఎత్తు స్తంభాల భవనం ఎందుకంత ఎత్తున ఉందో ఒకటో తరగతిలోనే చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతారు?

రంగులు సులువే. ఎల్లో: గమనిస్తూ ఉండు. ఆరెంజ్: సిద్ధం కా. రెడ్: చెయ్యాల్సింది చేసెయ్యి. ట్రాఫిక్ లైటుతో పోల్చి చెప్పడానికి టీచర్లు ఇష్టపడతారు కానీ, మన కూడళ్ళలో పసుపు లైటు పడితే నాన్న బండి ఇంకాస్త ముందుకు దూకించడం చూసిన పిల్లలకు ఆ పోలిక బెడిసికొట్టవచ్చు. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లను మాత్రం ప్రాథమిక బడిలో వదిలేయమంటాను. అవి ఓడలకోసం పెట్టినవి. అయిదో నంబరుకంటే ఆరో నంబరు పెద్ద ప్రమాదమని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ తేడా తుఫాను ఆ రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందన్నదే. పదకొండో నంబరుకైతే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇదంతా ఎందుకు?

అర్జునుడి పేర్లతో లెక్క

తుఫాను కోస్తాకే వస్తుంది, పిడుగుకు జిల్లా భేదం లేదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డట్టు లెక్క తేలింది. మెరుపు, ఉరుము, పిడుగు మూడు వేర్వేరు సంగతులని చాలామంది పిల్లలు అనుకుంటారు. వెలుగు మెరుపు, చప్పుడు ఉరుము, అదే నేలను తాకితే పిడుగు. వెలుగు వెంటనే కనిపిస్తుంది, చప్పుడు కిలోమీటరుకు మూడు సెకన్లు తీసుకుంటుంది. మెరిశాక ముప్ఫై లెక్కపెట్టేలోగా ఉరిమితే పిడుగు మనల్ని అందుకునే దూరంలో ఉన్నట్టే, ఇంట్లోకి పరుగు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. చింతచెట్టు కిందికి అసలే పోకూడదు.

ఉరిమినప్పుడు పిల్లల్ని దగ్గరికి తీసుకుని అర్జునుడి పేర్లు చదివించే అలవాటు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. మూఢనమ్మకమని కొట్టేసే టీచర్లున్నారు. నేనైతే వాడుకోమంటాను. మెరవగానే మొదలుపెట్టి, సెకనుకొక పేరు చొప్పున తాపీగా చదివితే పది పేర్లూ పూర్తయ్యేసరికి పది సెకన్లు. ఆ లోపే ఉరిమితే పిడుగు మూడు కిలోమీటర్ల దగ్గరికొచ్చినట్టు. భయం పోగొట్టడానికి అమ్మమ్మ ఇచ్చింది గడియారంగానూ పనికొస్తుంటే కాదనడం ఎందుకు?

వడగాడ్పు సంగతి పిల్లలకు ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఒంటికి తెలిసేదే. అయితే ఒక్కటి. మైదానాల్లో వడగాడ్పులు ప్రకటించాలంటే కనీసం 40 డిగ్రీలుండాలి, తీరప్రాంతాల్లో 37 చాలు, అదీ మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు పైనున్నప్పుడు. ఉక్కపోతలో చెమట ఆరదు మరి. ‘మా ఊళ్ళో సముద్రగాలి ఉందిలే’ అనుకునే కాకినాడ పిల్లలకు ఈ ముక్క చెప్పాలి.

ఎప్పుడు చెప్పాలి?

తుఫాను వచ్చేముందు మాత్రం కాదు. గాలి హోరుకే పక్కలో ఉలిక్కిపడే పిల్లలుంటారు, ముఖ్యంగా ఒకసారి ఇంటి కప్పు లేచిపోవడం చూసినవాళ్ళు. జూన్‌లో బడి తెరిచాక సీసా కొలత మొదలుపెట్టి, సెప్టెంబరుకల్లా వలయం ఆట ముగిస్తే, అక్టోబరులో టీవీలో వినిపించే మాటలన్నీ తెలిసినవే అవుతాయి. తుఫాను వెళ్ళాక వాడే మాటలు కూడా అప్పుడే చెప్పేయాలి: తెగిన కరెంటు తీగ, ఒరిగిన స్తంభం, వరదనీటిలో పాము, కాచి చల్లార్చిన నీళ్ళు. ‘నష్టం అంచనా’, ‘పరిహారం’ పెద్దవాళ్ళకు వదిలేయవచ్చు.

ఈ పదాలన్నిటికంటే ముందు రావలసింది, ఎవరి జాబితాలోనూ లేనిది ఇంకొకటుంది: పిల్లకు తన మండలం పేరు. హెచ్చరికలు మండలాల వారీగా వస్తాయి, ఫోన్లకు సందేశాలూ అలాగే వస్తాయి. రెండో తరగతి పిల్ల ఊరి పేరు చెబుతుంది, మండలం అడిగితే అమ్మవైపు చూస్తుంది. జిల్లా అయితే మరీ గందరగోళం. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాక కూడా అమలాపురంలో తాతగారు ‘మాది తూర్పుగోదావరి’ అనే అంటారు. టీవీ ‘కోనసీమ జిల్లాకు రెడ్ అలర్ట్’ అంటుంది. ఊరు, మండలం, జిల్లా, మా ఇంటికి సముద్రం ఏ వైపు, దగ్గర్లో ఉన్న వాగు పేరేమిటి. ఈ అయిదూ జూన్ మొదటి వారంలో నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించి, కింద 112, 1070 నంబర్లు వేయిస్తే మిగతా పాఠం రెండో పేజీ నుంచి మొదలుపెట్టుకోవచ్చు.